స్టూడియో సెషన్‌కు తక్కువ ఖర్చుతో వీడియో జోడించడం: ఆడియో చెడకుండా, సింక్ తప్పకుండా

స్టూడియోలో తీసిన వీడియో ఎక్కువగా మూడు చోట్ల పాడవుతుంది. పెదవుల కదలికకూ పాటకూ పొంతన (సింక్) ఉండదు. ఫైనల్ మిక్స్‌లో, అంటే అన్ని ట్రాక్‌లూ కలిపిన తుది పాటలో, వాడిన టేక్ (ఒకసారి పాడి లేదా వాయించి రికార్డ్ చేసినది) వీడియోలో ఏదో దొరకదు. లేదా లైట్ల వల్ల వచ్చిన గుయ్‌మనే శబ్దం ఆడియోలోకి ఎక్కి, అసలు రికార్డింగే దెబ్బతింటుంది. ఖరీదైన కెమెరా కొన్నంత మాత్రాన వీటిలో ఒక్కటీ తీరదు. పని వరుస సరిగ్గా ఉంటే చేతిలో ఉన్న ఫోనే సరిపోతుంది.

ఒక నియమం మొదటే పెట్టుకోండి. సెషన్ ఆడియో కోసం జరుగుతోంది, వీడియో దాని వెంట నడవాలి. కెమెరాలో ముఖం బాగా కనపడాలని మైకును ఒక్క అంగుళం కూడా జరపవద్దు. జరగాల్సింది కెమెరానే.

## 1. ఏ రకం వీడియో కావాలో ముందు తేల్చుకోండి

పరికరాలు ఎన్ని, మనుషులు ఎందరు, ఎడిటింగ్‌కు ఎంత సమయం అన్నది దీన్ని బట్టే తేలుతుంది.

అందరూ కలిసి వాయించే పూర్తి టేక్. అన్నిటికన్నా తేలిక. ఒక టేక్, ఒక ఆడియో, ఒక సింక్. మొదటిసారి చేసేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలి.

ఒక్కొక్క వాద్యం విడిగా రికార్డయ్యే సెషన్. డ్రమ్స్ ఒకరోజు, గొంతు మరోరోజు. ఇక్కడ ప్రతి టేక్‌నూ తీయాలి, ప్రతిదానికీ గుర్తు పెట్టాలి. అసలు కష్టం ఇక్కడే ఉంది. 6వ విభాగంలో దీని గురించి వివరంగా ఉంది.

తెరవెనుక దృశ్యాలు. మాటలు, నవ్వులు, మీటలు తిప్పే చేతులు. సింక్ బెడద పెద్దగా ఉండదు. కానీ ఒక్క మనిషి కెమెరా పట్టుకుని తిరగాలి కాబట్టి టేక్ నడుస్తున్నప్పుడు ఈ పని చేయకూడదు.

ఏ రకమైనా సరే, కళాకారులకు ముందురోజే చెప్పి వాళ్ల ఒప్పుకోలు తీసుకోండి. కెమెరా ఉందని స్టూడియోకు వచ్చాక తెలిస్తే పాట బిగుసుకుపోతుంది.

## 2. డబ్బు ఏ వరుసలో ఖర్చుపెట్టాలి

చాలామంది మొదట కెమెరా కొంటారు. అది చివర్లో ఉండాలి. ఈ వరుస పాటించండి:

- కదలని స్టాండ్. పాత మైక్ స్టాండ్ ఉంటే చాలు. మైక్ స్టాండ్ మర సాధారణంగా 5/8 లేదా 3/8 అంగుళం, కెమెరాలకూ ఫోన్ క్లాంపులకూ 1/4 అంగుళం. మధ్యలో చిన్న ఇత్తడి అడాప్టర్ వేస్తే మైక్ స్టాండే కెమెరా స్టాండ్ అవుతుంది. అడ్డంగా చాచే కడ్డీ ఉన్న బూమ్ స్టాండ్ అయితే పియానో మెట్ల మీద, డ్రమ్స్ పైన నిలువుగా కూడా ఫోను వేలాడదీయవచ్చు. బూమ్‌కు రెండో చివర బరువు కట్టడం మరవద్దు.
- ఒక మెత్తని లైటు. పెద్ద సాఫ్ట్‌బాక్స్ ఉన్న ఎల్‌ఈడీ అయితే మంచిది.
- నిల్వ, కరెంటు. సెకనుకు 50 మెగాబిట్ల వీడియో నిమిషానికి 375 మెగాబైట్లు, గంటకు 22.5 గిగాబైట్లు తింటుంది. రెండు కెమెరాలు మూడు గంటలు నడిస్తే 135 గిగాబైట్లు. అంతకు రెట్టింపు ఖాళీ పెట్టుకోండి.
- రెండో ఫోను. ఒక మంచి కెమెరా కంటే రెండు మామూలు ఫోన్లు ఎక్కువ ఉపయోగం. ఎడిటింగ్‌లో తప్పు దాచడానికి రెండో కోణం కావాలి.
- మిర్రర్‌లెస్ కెమెరా. పైవన్నీ కుదిరాకే. కొనేముందు రికార్డింగ్ ఎంతసేపు ఆగకుండా సాగుతుందో చూడండి. పాత మోడళ్లు చాలావరకు 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర వాటంతట అవే ఆగిపోతాయి. బ్యాటరీ బదులు గోడ కరెంటుతో నడిపే డమ్మీ బ్యాటరీ దానికి దొరుకుతుందో లేదో కూడా చూసుకోండి.

## 3. ఆడియో ప్రాజెక్టును వీడియోకు సిద్ధం చేయడం

వీడియో ప్రపంచమంతా 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్ (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క) మీద నడుస్తుంది. కొత్త ప్రాజెక్టు అయితే మొదటి ట్రాక్ వేయకముందే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అని పెట్టండి.

పాట ఇప్పటికే 44.1లో సగం అయిపోయి ఉంటే మధ్యలో మార్చవద్దు. చివర్లో మిక్స్ బయటకు తీసేటప్పుడు మాత్రం 48కి మార్చి తీయండి. మార్పిడి సరిగ్గా జరగకుండా ఫైలు మీద ముద్ర మాత్రమే మారితే 4 నిమిషాల పాట మూడు నిమిషాల నలభై సెకన్లకు కుదించుకుపోతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పెరుగుతుంది. పాట కాస్త హుషారుగా వినిపించి, పాట సాగేకొద్దీ పెదవుల తేడా అంతకంతకూ పెరుగుతూ ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇంకొక మాట. పాట మొదటి బారుకు ముందు టైమ్‌లైన్‌లో కనీసం 15 సెకన్లు ఖాళీ వదలండి. టేక్ నంబరు, చప్పట అక్కడే పడతాయి.

## 4. కెమెరాలో ఆటో సెట్టింగులన్నీ ఆపండి

ఫోను తనంతట తాను తీసుకునే నిర్ణయాలే ఎడిటింగ్‌లో శత్రువులు. మాన్యువల్ నియంత్రణ ఇచ్చే యాప్ వాడండి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, ఐఫోన్‌కూ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఉంది.

ఫ్రేమ్ రేట్, షట్టర్. స్టూడియో ఉన్నచోట కరెంటు 50 హెర్ట్జ్ అయితే 25 ఫ్రేములు, షట్టర్ 1/50. కరెంటు 60 హెర్ట్జ్ అయితే 30 ఫ్రేములు, షట్టర్ 1/60. ఇవి తారుమారైతే గోడల మీద చీకటి చారలు పాకుతుంటాయి. ఆ తర్వాత వాటిని తీయడం దాదాపు అసాధ్యం. అన్ని కెమెరాలకూ ఒకే ఫ్రేమ్ రేట్ ఉండాలి.

వైట్ బ్యాలెన్స్. అంకె వేసి తాళం వేయండి. లైట్లు 5600 కెల్విన్ అయితే కెమెరాల్లోనూ 5600. ఒక కెమెరా ఆటోలో ఉండిపోతే మనిషి కదిలినప్పుడల్లా చర్మం రంగు మారుతుంది.

ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి. ఫోనులో 400, మరీ తప్పకపోతే 800. అంతకు పైన మచ్చలు వస్తాయి. చీకటిగా ఉంటే లైటును దగ్గరకు జరపండి, ఐఎస్‌ఓ పెంచవద్దు.

ఫోకస్. మనిషి కూర్చున్నాక ఫోకస్ పట్టి లాక్ చేయండి. పాప్ ఫిల్టర్ ముందుకు వచ్చిందంటే ఆటో ఫోకస్ దాని మీదకే దూకుతుంది.

ఆపాల్సినవి ఇంకా ఉన్నాయి: హెచ్‌డీఆర్, స్టెబిలైజేషన్, చీకట్లో ఫ్రేమ్ రేట్ తగ్గించే ఆటో ఎఫ్‌పీఎస్. కెమెరాలో ఆడియో రికార్డింగ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపవద్దు. ఎలాగూ వాడం కదా అని చాలామంది తీసేస్తారు. సింక్ కుదిర్చేది ఆ పనికిరాని ఆడియోనే.

ఫోన్లను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. నెట్‌వర్క్ కోసం వెతికే ఫోను గిటార్ పికప్‌లోకి (తీగల కదలికను పట్టే భాగం), మైక్ కేబుల్లోకి టిక్ టిక్ శబ్దాలు పంపుతుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉన్నా అలారం మోగుతుంది, దాన్ని విడిగా తీసేయాలి. రికార్డింగ్ మొదలైనప్పుడు వచ్చే బీప్ కూడా.

## 5. లైట్లు, కరెంటు, కెమెరా స్థానాలు

చవక ఎల్‌ఈడీ లైట్లు, వాటి అడాప్టర్లు రెండు రకాలుగా శబ్దం తెస్తాయి. కొన్నిటికి లోపల ఫ్యాన్ ఉంటుంది. కొన్నిటిలో డిమ్మర్ తగ్గించినప్పుడు సన్నని రొద బయలుదేరి సింగిల్ కాయిల్ పికప్ ఉన్న గిటార్‌లో, గెయిన్ (సంకేతాన్ని పెంచే స్థాయి) ఎక్కువ పెట్టిన మైకులో దూరుతుంది.

పరీక్ష ఇలా చేయండి. మైకులన్నీ టేక్‌కు పెట్టే గెయిన్‌లోనే ఉంచండి. గదిలో ఎవరూ కదలకుండా 30 సెకన్లు రికార్డ్ చేయండి. తర్వాత లైట్లు ఒక్కొక్కటే వేస్తూ మరో 30 సెకన్లు. రెండూ బాగా పెంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఏ లైటు వేసినప్పుడు రొద మొదలైందో తెలిసిపోతుంది. ఆ లైటును డిమ్మర్ లేకుండా పూర్తిగా వెలిగించి, వెలుతురు ఎక్కువైతే దూరం జరపండి. అప్పటికీ ఉంటే దాన్ని ఆడియో పరికరాలు లేని వేరే లైన్‌లో పెట్టండి. అప్పటికీ పోకపోతే ఆ లైటు స్టూడియోకు పనికిరాదు.

లైటు కేబుళ్లు మైక్ కేబుళ్ల పక్కన సాగిపోకూడదు. దాటక తప్పనిచోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

ముఖ్యమైన లైటు కళాకారుడికి 45 డిగ్రీల పక్కన, కంటి ఎత్తుకు కాస్త పైన ఉంటే చాలు. కళ్లద్దాలు ఉంటే ఇంకా పైకెత్తండి, మెరుపు పోతుంది. కంట్రోల్ రూమ్ అద్దంలో కెమెరా కనపడుతుంటే కెమెరాను అద్దానికి ఏటవాలుగా పెట్టండి, కెమెరా ఉన్న వైపు గది లైట్లు ఆర్పండి, స్టాండ్ మీద నల్లగుడ్డ కప్పండి.

కెమెరాల స్థానాలు:

- ఒకటో కెమెరా: అంతా కనపడే వెడల్పు షాట్. ఇది ఎప్పుడూ కదలదు, ఎప్పుడూ ఆగదు. మిగతావి ఏమైనా ఇదే కాపాడుతుంది.
- రెండో కెమెరా: గాయకుడైతే ముఖం, వాద్యమైతే చేతులు. మైక్ నోటిని కప్పేస్తుంది కాబట్టి నేరుగా కాకుండా 30 నుంచి 45 డిగ్రీల పక్క నుంచి తీయండి.

డ్రమ్స్ దగ్గర ఫోనును డ్రమ్ ర్యాక్‌కు బిగించవద్దు. కిక్ కొట్టినప్పుడల్లా చిత్రం జెల్లీలా ఊగుతుంది. విడి స్టాండ్ పెట్టి కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేయండి.

టేక్ సమయంలో ఏసీ ఆపే గదిలో ఫోన్లు త్వరగా వేడెక్కి రికార్డింగ్ ఆపేస్తాయి. ఫోను కవర్ తీసేయండి, తెర వెలుగు తగ్గించండి. 4కే అవసరం లేకపోతే 1080లో తీయండి.

## 6. సింక్, టేక్ షీట్: వీడియో బతికేది ఇక్కడే

గాయకుడి హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ (తాళం చూపే టిక్ టిక్) వినపడుతుంది, ట్రాక్ వినపడుతుంది. కెమెరాకు అవేవీ వినపడవు. కంట్రోల్ రూమ్ నుంచి టాక్‌బ్యాక్‌లో "టేక్ మూడు" అని చెప్పినా అది హెడ్‌ఫోన్స్‌లోకే పోతుంది. అందుకే ప్రకటన, చప్పట రెండూ లైవ్ రూమ్‌లో (పాడే, వాయించే గదిలో), మైకుకు వినపడేలా, కెమెరాలకు కనపడేలా జరగాలి.

వరుస ఇది:

1. కెమెరాలన్నీ రికార్డింగ్‌లోకి వెళ్లాయని ఒక్కొక్కటీ చూసి నిర్ధారించుకోండి.
2. ఆడియో రికార్డింగ్ మొదలుపెట్టండి.
3. గదిలో ఉన్నవాళ్లు గట్టిగా చెప్పాలి: పాట పేరు, టేక్ నంబరు.
4. ఒక్క చప్పట. చేతులు అన్ని కెమెరాలకూ కనపడాలి. రెండు మూడు కొడితే ఏది ఏదో తెలియదు. చెవులకు హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్లను ముందే హెచ్చరించండి. మైకుకు మరీ దగ్గరగా కొట్టవద్దు, క్లిప్ అవుతుంది, అంటే శబ్దం పగిలిపోతుంది.
5. మూడు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత క్లిక్, పాట.
6. చివరి స్వరం పూర్తిగా చచ్చిపోయాక ఐదు సెకన్లు ఎవరూ కదలకూడదు. హెడ్‌ఫోన్స్ తీసేస్తున్న చేతులు చాలా వీడియోల ముగింపును పాడుచేస్తాయి.

చప్పట మరిచిపోతే పాట చివర కొట్టండి, అదీ పనికొస్తుంది.

టేక్ షీట్. ఒక కాగితం, ఒక మనిషి. ప్రతి టేక్‌కు ఐదు విషయాలు రాయాలి: పాట, టేక్ నంబరు, ఆడియో ప్రాజెక్టులో ఆ టేక్ మొదలైన సమయం, ఒక్కో కెమెరా ఫైలు నంబరు, బాగుందా లేదా. ఆడియో సాఫ్ట్‌వేర్ ఇచ్చే టేక్ నంబరు, నోటితో చెప్పే నంబరు ఒకటే కావాలి. మధ్యలో ఒక తప్పుడు టేక్‌ను ఇంజనీరు చెరిపేస్తే నంబర్లు జారిపోతాయి. కాబట్టి సెషన్ ముగిసేదాకా ఏదీ చెరపవద్దని ముందే మాట అనుకోండి.

ఏరికూర్చిన గొంతు విషయం. పల్లవి టేక్ 2 నుంచి, మొదటి చరణం టేక్ 5 నుంచి, ఒక్క మాట టేక్ 1 నుంచి తీసి అతికించడం మామూలే. అప్పుడు ఏ ఒక్క వీడియో టేకూ పాట మొత్తానికి సరిపోదు. ఇంజనీరు దగ్గర ఏ లైను ఏ టేక్ నుంచి వచ్చిందో పట్టిక తీసుకోండి. వీడియోలో ఆ లైను వచ్చినప్పుడు ఆ టేక్ చిత్రమే వేయాలి. ఒక్క మాట కోసం కోత కనపడుతుందనుకుంటే అక్కడ చేతుల షాట్‌కో, వెడల్పు షాట్‌కో వెళ్లండి. ఇలా టేకులు కలవాలంటే అన్నిటిలోనూ అదే చొక్కా, అదే జుట్టు, అదే కుర్చీ ఉండాలి. పంచ్ ఇన్‌ల (మధ్యలో చిన్న ముక్కను మాత్రమే మళ్లీ రికార్డ్ చేయడం) కోసం మరోరోజు వచ్చేటప్పుడు ఈ సంగతి గుర్తుచేయండి.

శ్రుతి సవరణతో పెదవులకు ఇబ్బంది లేదు. తాళానికి కుదరడం కోసం మాటలను ముందుకూ వెనక్కూ జరిపితే మాత్రం వీడియో తప్పుతుంది. డ్రమ్స్ దెబ్బలను సాఫ్ట్‌వేర్‌లోని తాళం గీతలకు (గ్రిడ్‌కు) లాగినా అంతే, పుల్ల చర్మాన్ని తాకడానికీ శబ్దానికీ మధ్య తేడా కళ్లకు కనపడుతుంది. వీడియో కావాలని ముందే తెలిస్తే పూర్తి టేక్‌కే ప్రాధాన్యం ఇచ్చి సవరణలు తగ్గించమని అడగాలి.

జారుడు. కెమెరా గడియారం, ఆడియో ఇంటర్‌ఫేస్ గడియారం ఒకే వేగంతో నడవవు. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు, అంటే 25 ఫ్రేముల వీడియోలో దాదాపు రెండు ఫ్రేములు. ఐదు నిమిషాల పాటలో అదే తేడా 6 మిల్లీసెకన్లే, ఎవరికీ తెలియదు. కాబట్టి గంటసేపు ఆగకుండా తీసినా సరే, టేక్ టేక్‌కూ చప్పట కొట్టి, ఎడిటింగ్‌లో టేక్ టేక్‌నూ విడిగా సింక్ చేయండి.

ఎంత తేడా దాకా చెల్లుతుంది? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు బీటీ.1359 ప్రకారం ధ్వని చిత్రం కంటే 45 మిల్లీసెకన్లు ముందుంటే చూసేవాళ్లు పసిగడతారు. వెనకుంటే 125 దాకా పట్టుకోరు. సందేహం వస్తే ధ్వనిని ముందుకు కాక వెనక్కే జరపండి. డ్రమ్స్‌కు మాత్రం అంత సడలింపు ఇవ్వవద్దు.

## 7. ఎడిటింగ్ వరుస

సెషన్ అయిన వెంటనే ఫైళ్లను రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేసి, తెరిచి చూశాకే కార్డులు చెరపండి. ఫైళ్ల పేర్లు తేదీ, పాట, టేక్, కెమెరా వరుసలో పెట్టండి.

డావిన్చీ రిసాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఈ పనికి చాలు. మామూలు కంప్యూటర్ అయితే కెడెన్‌లైవ్, షాట్‌కట్ కూడా ఉన్నాయి.

1. ఫ్రేమ్ రేట్ సరిచేయండి. ఫోను సొంత కెమెరా యాప్‌తో తీసినవి తరచు మారే ఫ్రేమ్ రేట్‌తో ఉంటాయి. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిర ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చాకే ఎడిటింగ్‌లోకి తేండి.
2. చప్పటతో ఉన్న రఫ్ మిక్స్ తీయండి. ఇది చాలామంది దాటేసే మెట్టు. ఫైనల్ మిక్స్ మొదట్లో చప్పట కత్తిరించి ఉంటుంది, కెమెరా ఆడియోతో దాన్ని పోల్చడం కష్టం. అందుకే చప్పట నుంచి మొదలయ్యే రఫ్ మిక్స్‌ను ముందు కెమెరాలతో సింక్ చేయండి. తర్వాత ఫైనల్ మిక్స్‌ను రఫ్ మిక్స్‌తో పక్కపక్కన పెట్టి అలలు కలపండి. రెండూ ఒకే ప్రాజెక్టువి కాబట్టి అచ్చంగా కలుస్తాయి.
3. తరంగ రూపం ఆధారంగా ఆటో సింక్ వాడండి. ఆ తర్వాత చప్పట దగ్గర చేతులు కలిసే ఫ్రేమును కళ్లతో చూడండి. పాట చివర కూడా ఒకసారి చూడండి.
4. కెమెరాలన్నిటినీ ఒకే మల్టీక్యామ్ క్లిప్‌గా చేసి కోణాలు మార్చండి.
5. కెమెరా ఆడియోలన్నీ మ్యూట్ చేయండి. తొలగించవద్దు.
6. రంగులు వెడల్పు షాట్‌కు తగ్గట్టు మిగతావాటిని దిద్దండి.
7. ఎగుమతి: హెచ్.264, ఆడియో ఏఏసీ 48 కిలోహెర్ట్జ్, 320 కిలోబిట్లు. ఏఏసీలోకి మారేటప్పుడు శిఖరాలు కాస్త పెరుగుతాయి కాబట్టి ట్రూ పీక్ (ధ్వని చేరే అసలు గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూడండి.

## 8. ఏది తప్పితే ఏం చేయాలి

మొదట్లో కుదిరి, పోనుపోను తప్పుతోంది. మారే ఫ్రేమ్ రేటో, గడియారాల జారుడో. ముందు స్థిర ఫ్రేమ్ రేట్‌కు మార్చి చూడండి. ఇంకా ఉంటే షాట్ మారే ప్రతిచోటా వీడియో ముక్కను ఒకటి రెండు ఫ్రేములు జరపండి. ఆడియోను సాగదీయవద్దు.

మొదటి నుంచీ ఒకే తేడా. చప్పట ఫ్రేము తప్పుగా పట్టారు, లేదా కెమెరా చాలా దూరంలో ఉంది. ధ్వని మీటరు దాటడానికి సుమారు 2.9 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. పది మీటర్ల దూరమైతే 29 మిల్లీసెకన్లు, అంటే 25 ఫ్రేముల వీడియోలో దాదాపు ముప్పావు ఫ్రేము. మిక్స్‌ను అంత ముందుకు జరపండి.

కొన్ని లైన్లు మాత్రమే తప్పాయి. అవి వేరే టేక్ నుంచి వచ్చినవి. టేక్ షీట్ చూడండి.

ఆటో సింక్ అసలు కుదరలేదు. గొంతు సెషన్‌లో కెమెరాకు వినపడింది ఒట్టి గొంతే. దాన్ని పూర్తి మిక్స్‌తో పోలిస్తే సాఫ్ట్‌వేర్ తికమక పడుతుంది. ఆ టేక్ ముడి గొంతు ట్రాక్‌ను విడిగా బయటకు తీసి దానితో సింక్ చేయండి. కీబోర్డు, నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లే గిటార్ అయితే కెమెరాకు మెట్ల టకటకలు తప్ప ఏమీ వినపడదు. అలాంటి సెషన్లలో కెమెరా మైక్ పక్కన ఒక హెడ్‌ఫోన్ వేలాడదీసి అందులో మిక్స్ వదలండి. దగ్గర్లో తెరిచి ఉన్న మైక్ లేనప్పుడే ఇది చేయాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం వద్దు, అది ఆలస్యంగా మోగుతుంది.

ఇంటర్‌ఫేస్ నుంచి కెమెరా మైక్ సాకెట్‌లోకి తీసిన కేబుల్‌లో పగిలిన శబ్దం. లైన్ స్థాయి సంకేతం మైక్ ఇన్‌పుట్‌కు చాలా ఎక్కువ. మధ్యలో 40 డెసిబెల్ తగ్గించే ప్యాడ్ పెట్టి, కెమెరా గెయిన్‌ను కింది అంచుకు తేండి.

ఏ టేకూ ఫైనల్ పాటకు సరిపోవడం లేదు. మిక్స్ అయ్యాక అదే గదిలో, అవే బట్టల్లో, ఫైనల్ పాటను చిన్న స్పీకర్‌లో వినిపిస్తూ గాయకుడితో రెండుసార్లు పాడించి తీయండి. పెదవులు మాత్రమే ఆడిస్తే మెడ నరాలు కదలవు, అబద్ధమని తెలిసిపోతుంది. గట్టిగా నిజంగానే పాడమనండి. కెమెరాకు స్పీకర్ వినపడుతుంది కాబట్టి సింక్ ఒక్క నొక్కుతో కుదురుతుంది.